అమ్మ పోయిన రాత్రే కచేరీ చప్పట్ల ముచ్చట: మొజార్ట్ 1778 ఉత్తరం చదివారా?

కాగితంపడవ:
అందరికీ నమస్కారం. ఈ మధ్య పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ సంగీతకారుడు వోల్ఫ్‌గాంగ్ మొజార్ట్ కుటుంబం ఉత్తరాలు చదువుతున్నాను. సంగీతం సంగతి నాకు అంతంతమాత్రమే, ఉత్తరాల పిచ్చితోనే మొదలుపెట్టాను. ఒకచోట ఆగిపోయాను, మీతో మాట్లాడాలనిపించింది.

1778 జూలై 3, పారిస్. వోల్ఫ్‌గాంగ్‌కి 22 ఏళ్ళు. తోడుగా వచ్చిన తల్లి అన్నా మరియా ఆ రాత్రి పది దాటాక అద్దె గదిలో కన్నుమూసింది. ఆమెకు 57 ఏళ్ళు. తండ్రి లియోపోల్డ్, అక్క నానెర్ల్ సొంతూరు సాల్జ్‌బర్గ్‌లో ఉన్నారు. ఆ రాత్రే కొడుకు రెండు ఉత్తరాలు రాశాడు.

ఒకటి కుటుంబ మిత్రుడు, మతగురువు బుల్లింగర్‌కి. నాతో పాటు దుఃఖించు మిత్రమా, అమ్మ ఇక లేదు, రాత్రి రెండింటికి ఇది రాస్తున్నాను, నాన్నకీ అక్కకీ చనిపోయిందని మాత్రం ఇప్పుడే చెప్పకు, మెల్లగా మనసు సిద్ధం చెయ్యి అని.

రెండోది తండ్రికి. అందులో అమ్మకి ఒంట్లో అస్సలు బాగాలేదు, అప్పటి వైద్యం ప్రకారం రక్తం తీశారు, జ్వరం, మాట పడిపోయింది, డాక్టర్లు ఆశ ఉందంటున్నారు గానీ నాకు పెద్దగా లేదు, అంతా దైవేచ్ఛ అని రాస్తాడు. అక్కడితో ఆపలేదు. ఇక వేరే విషయాలకు వద్దాం అంటూ తన కొత్త సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచన) కచేరీ ఎలా జరిగిందో, జనం ఎక్కడ చప్పట్లు కొట్టారో వర్ణిస్తాడు. కచేరీ అయ్యాక సంతోషం పట్టలేక పాలే రోయాల్‌కి వెళ్ళి మంచి ఐస్‌క్రీమ్ తిన్నానని, మొక్కుకున్న జపమాల పూర్తిచేసి ఇంటికెళ్ళానని కూడా రాశాడు. ఆ మధ్యే పోయిన ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌ని కుక్కచావు చచ్చాడని తిట్టడం అదనం.

పక్కన తల్లి శవం. చేతిలో కలం. ఈ ఉత్తరాన్ని మీరెలా అర్థం చేసుకుంటారు?

ఓరుగల్లు_చిన్నోడు:
ఏం అర్థం చేసుకునుడు అన్నా. అమ్మ సచ్చి గంటలు గాలె, ఐస్‌క్రీమ్ ముచ్చట రాస్తడా? ఎంత పెద్ద సంగీతకారుడైతేంది, నాకైతె మనసొప్పుతలేదు. అబద్ధం ఒకటి, పైన సొంత డబ్బా ఒకటి.

వీణాపాణి:
చిన్నోడు గారూ, కాస్త ఆగండి. తేదీలు చూడాలి. ఆ కచేరీ జూన్ 18న జరిగింది, తుయిలరీ రాజభవనంలోని హాల్లో, కాన్సేర్ స్పిరిత్యువెల్ అనే కచేరీ సంస్థ ఆధ్వర్యంలో. తల్లి మంచం పట్టింది ఆ మర్నాటి నుంచి. అంటే ఐస్‌క్రీమ్ తిన్న సాయంత్రానికి ఆమె లేచి తిరుగుతూనే ఉంది. ఆయన ఆ సంతోషాన్ని అనుభవించింది ఒకప్పుడు, రాసింది ఇంకొకప్పుడు. మధ్యలో ఇల్లు కూలిపోయింది.

ఇంకోటి. ఆ కచేరీ గురించి రాసింది సొంత డబ్బా అనడానికి నాకు నోరు రావడం లేదు. రిహార్సల్ ఘోరంగా జరిగిందట. రెండుసార్లు గబగబా లాగించేసి ఊరుకున్నారు, మూడోసారికి టైం లేదు. కోపంతో, భయంతో వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు అసలు వెళ్ళకూడదనే అనుకున్నాడు. సాయంత్రానికి వాతావరణం బాగుందని బయల్దేరాడు. ఒకవేళ మళ్ళీ అలాగే వాయిస్తే తిన్నగా వేదిక మీదికి ఎక్కి మొదటి వయొలిన్ ఆయన చేతిలోంచి వయొలిన్ లాక్కుని తానే నడిపిస్తానని మనసులో గట్టిగా అనుకుని మరీ వెళ్ళాడు!

సింఫనీ మొదటి భాగం మధ్యలో ఒక చోటు ఉంది, అది జనానికి నచ్చి తీరుతుందని రాసేటప్పుడే ఆయనకి తెలుసు. అనుకున్నట్టే హాలు ఊగిపోయింది. చివర్లో మళ్ళీ అదే తెచ్చాడు. మూడో భాగం ఇంకా తమాషా. పారిస్‌లో ఆఖరి భాగాన్ని అన్ని వాద్యాలూ ఒకేసారి మోతగా ఎత్తుకోవడం అలవాటు. ఈయన రెండు వరసల వయొలిన్లతో ఎనిమిది బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి) మెల్లగా నడిపి, ఉన్నట్టుండి మొత్తం ఆర్కెస్ట్రాని దింపాడు. మెల్లగా ఉన్నప్పుడు జనం ఒకరినొకరు ఉష్ ఉష్ అనుకున్నారు, మోత రాగానే చప్పట్లు మొదలెట్టారు. ఈ ఉష్‌ల దగ్గర్నుంచి తండ్రికి రాశాడు. ఆ తండ్రి ఎవరు? వయొలిన్ బోధన మీద పుస్తకం రాసిన మనిషి. ఎనిమిది బార్లు అనగానే ఆయన చెవిలో అది వినబడుతుంది.

ఓరుగల్లు_చిన్నోడు:
తేదీల సంగతి మంచిగ చెప్పిన్రు, ఒప్పుకుంట. కని కలం పట్టింది జూలై 3 రాత్రే గద? ఆ రాత్రి అది రాయాల్నని ఎట్ల అనిపిచ్చింది? గదే నా ప్రశ్న.

టకటక_తంతి:
నేను తంతి ఆఫీసులో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. టెలిగ్రాం 2013 జూలైలో మూతపడే నాటికే నేను బయటికొచ్చేశాను. ఈ ఉత్తరం సంగతి చదవగానే నాకు కౌంటర్ గుర్తొచ్చింది.

"మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఈ నాలుగు మాటలు నా చేత్తో ఎన్నిసార్లు కొట్టానో చెప్పలేను. పంపడానికి వచ్చినవాడి మొహం చూస్తేనే తెలిసిపోయేది, ఇంట్లో శవం ఉందని. తలమీద నీళ్ళు ఆరకుండా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అయినా ఫారం మీద సీరియస్ అనే రాసేవారు. "ఎక్స్‌పైర్డ్ అని రాయమంటారా?" అని కొత్తలో ఒకాయన్ని అడిగితే, "వద్దు బాబూ, వాడు రైల్లో ఒక్కడే రావాలి" అన్నాడు. మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

అందుకున్నవాడికి తెలీదనుకుంటున్నారా? తెలుసు. సీరియస్ అంటే ఏమిటో ఊరూరా తెలుసు. తెలిసీ తెలియనట్టు బయల్దేరేవాడు. వీధి మలుపు తిరిగి ఇంటిముందు జనాన్ని చూసేదాకా ఆ మాటని పట్టుకునే వచ్చేవాడు. ఆ పిల్లాడు తండ్రికి చేసింది ఇదే అనిపిస్తోంది నాకు. ఇంతకీ తండ్రి నమ్మాడా?

కాగితంపడవ:
తంతి గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. తండ్రి నమ్మలేదండీ. ఆ సంగతే అసలు గుండె పిండేస్తుంది.

పారిస్ నుంచి ఉత్తరం సాల్జ్‌బర్గ్ చేరడానికి పది రోజులు. ఈలోగా జూలై 12న లియోపోల్డ్ ఇంట్లో కూర్చుని భార్యకీ కొడుక్కీ కలిపి ఉత్తరం మొదలెట్టాడు. జూలై 26 సెయింట్ ఆన్ పండుగ, అంటే ఆమె పేరుగల సెయింట్ రోజు, ఆమె నామదినం. వాళ్ళకి పుట్టినరోజు కంటే అదే పెద్దది. కొన్ని రోజులు ముందే చేరుతుందేమో గానీ ఆలస్యం కాకూడదని ఇవాళే రాస్తున్నాను, ఇంకా ఎన్నో ఏళ్ళు ఆరోగ్యంగా ఈ రోజు జరుపుకోవాలి అని భార్యకి శుభాకాంక్షలు. అప్పటికి ఆమె పోయి తొమ్మిది రోజులు.

కాగితం పూర్తికాలేదు. మర్నాడు 13, పొద్దున పది కాకముందే కొడుకు ఉత్తరం వచ్చింది. అదే కాగితం మీద కింద కొనసాగించాడు: పైది నిన్న రాశాను, ఇవాళ నీ ఉత్తరం అందింది, నేనూ నీ అక్కా ఏడుస్తూ చదవలేకపోయాము అని. డాక్టర్ని ఆలస్యంగా పిలిచారేమో అన్న అనుమానం కూడా అక్కడే వస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చిన స్నేహితులు వెళ్ళిపోయాక బుల్లింగర్ ఒక్కడే మిగిలాడు. ఆశ ఉందంటావా అని అడిగాడు. ఆమె ఇప్పటికే పోయిందనుకుంటున్నాను అన్నాడు లియోపోల్డ్. అవునన్నాడు బుల్లింగర్. మధ్యాహ్నం మూడున్నర వేళకి, నా భార్య స్వర్గంలో ఉందని ఇప్పుడు తెలిసింది అని ఆ ఉత్తరంలోనే రాశాడు.

పైన నామదిన శుభాకాంక్షలు, కింద ఇది. చించి కొత్త కాగితం తీసుకోలేదు, అలాగే పోస్టు చేశాడు.

ఓరుగల్లు_చిన్నోడు:
తంతి సార్, మీరు చెప్పింది నా కండ్లల్ల నీళ్ళు తెప్పిచ్చింది. మా బాపు చచ్చినప్పుడు మా అన్నకు బొంబాయికి గట్లనే ఇచ్చిన్రు.

కని సార్, ఒక్క మాట. టెలిగ్రాంల "మదర్ సీరియస్, నా సినిమా హిట్" అని ఎవడన్నా కొడ్తడా? సీరియస్ అని రాసుడు దాకా నేను ఒప్పుకుంట. గా చప్పట్ల సంగతే ఎటూ ఇముడుతలేదు.

టకటక_తంతి:
హహ, బాగా పట్టుకున్నారు బాబూ. మా దగ్గర మాటకింతని డబ్బు కట్టాలి, సినిమా హిట్‌కి చోటు ఉండేది కాదు.

వీణాపాణి:
చోటు ఉండటమే ఇక్కడ ముఖ్యం అనుకుంటా. ఈ ప్రయాణం వెనకాల ఏముందో చూడండి. 1777 సెప్టెంబర్ 23న తల్లీకొడుకులు సాల్జ్‌బర్గ్ వదిలారు, కొడుక్కి ఎక్కడైనా మంచి కొలువు దొరుకుతుందని. తండ్రికి తాను పనిచేసే ఆస్థానం నుంచి సెలవు దొరకలేదు కాబట్టి తల్లిని తోడు పంపారు. మ్యూనిక్‌లో దొరకలేదు, మాన్‌హైమ్‌లో దొరకలేదు. మాన్‌హైమ్‌లో అలోయిసియా వేబర్ అనే గాయని మీద మనసుపడి, వాళ్ళతో ఇటలీ వెళ్తానన్నాడు. తండ్రి 1778 ఫిబ్రవరిలో మండిపడుతూ రాశాడు, పారిస్‌కి బయల్దేరు, వెంటనే! అని. ఇంటి దగ్గర అప్పులు పెరుగుతున్నాయి. మార్చి 23కి పారిస్ చేరారు.

అంత అప్పు, అంత ఎదురుచూపు దేనికి? ఇలాంటి ఒక కచేరీ కోసం. ఆ ఇంట్లో నలుగురూ కలిసి కన్న కల ఒక్క సాయంత్రం నిజమైంది. అది రాయకపోతే తండ్రి చేతికి చావు ఒక్కటే అందేది. పైగా అమ్మకి బాగాలేదని రెండు లైన్లు రాసి మౌనంగా ఊరుకుంటే, లియోపోల్డ్ లాంటి వాడు ఆ ఖాళీని చూసి అక్కడే గ్రహించేసేవాడు. మామూలుగా కబుర్లు చెబుతున్నట్టు రాయడం ఆ అబద్ధానికి తొడిగిన చొక్కా.

డల్లాస్_లలిత:
ఆలస్యంగా చేరాను, క్షమించాలి. వీణ గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. తండ్రి కోసం వేసిన ఎత్తుగడ అంటే మరీ లెక్కగా ఉంది. 22 ఏళ్ళ కుర్రాడు, పరాయి దేశం, తెల్లవార్లూ ఒంటరిగా శవం దగ్గర. అతనికీ కాసేపు జూన్ 18లోకి పారిపోవాలని ఉండదా? నాకు ఆ పేరా చదువుతుంటే తండ్రి కంటే రాస్తున్నవాడే కనిపించాడు.

ఆ కాలం ఇళ్ళల్లో ఇలాంటివి మరోచోట కూడా చూశాను. జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగైల్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్సే. ఇద్దరి మధ్య వెయ్యికి పైగా ఉత్తరాలు మిగిలాయి, మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి. 1777 జూలైలో ఆయన ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ పనిలో, ఆమె మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో నిండు గర్భిణి. కడుపులో బిడ్డ కదలడం లేదేమోనని ఆమెకి అనుమానం వచ్చింది. జూలై 10న నొప్పులు పడుతూనే ఉత్తరం రాసింది! మధ్యలో కలం కింద పెడుతున్నాను, తప్పించుకోలేనిది ఓర్చుకోవాలి అని ఒక వాక్యం. తర్వాత, ఓర్చుకున్నాను, మళ్ళీ కలం పట్టాను అని ఇంకో వాక్యం. ఆ రెండు వాక్యాల మధ్య ఒక నొప్పి వచ్చి వెళ్ళింది.

11న ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. ఎలిజబెత్ అని పేరు పెట్టారు. 16న ఆమె భర్తకి రాస్తూ మొదటి మాటే, నాతో కలిసి దేవుడికి కృతజ్ఞత చెప్పు, నీకు విలువైన ఒక ప్రాణం దక్కింది అని. బిడ్డ సంగతి ఆ తర్వాత. ఆయన జవాబు కూడా అలాగే, నువ్వు దక్కావు అన్న ఊరటతో మొదలై, చూడనైనా చూడని పసిదాని మీద ఇంత మమకారం ఎలా కలుగుతుంది అని తనని తానే అడుగుతాడు. ఒక్క ఉత్తరంలో రెండూ ఉంటాయి, ఏది ముందు రాయాలో వాళ్ళకి బాగా తెలుసు.

ఓరుగల్లు_చిన్నోడు:
లలితక్కా, ఆమె ముందుగాల "నేను బతికిన" అని చెప్పుడు కరెక్ట్. దూరంల ఉన్నోడు కవరు చింపంగనే చూసేది గదే గద.

ఒకటి అడుగుత. అందరం కొడుకు గురించి, తండ్రి గురించే మాట్లాడుతున్నం. గా అమ్మ ఏం రాసింది? ఆమె ఉత్తరాలు లేవా?

కాగితంపడవ:
ఉన్నాయండీ. చాలాసార్లు కొడుకు ఉత్తరంలోనే కాస్త మొదట్లోనో చివర్లోనో ఆమె రాత ఉంటుంది. పోస్టు ఖర్చు దండగని ఒకే కాగితంలో సర్దుకోవడం.

ఫిబ్రవరిలో మాన్‌హైమ్ నుంచి రాసిన ఒక తోక నాకు మరీ ఇష్టం. కొడుకు భోజనానికి వెళ్ళాడు. ఆ సందులో గబగబా భర్తకి రాసింది: వాడికి కొత్త పరిచయాలైతే చాలు, ప్రాణం, ఆస్తి అన్నీ వాళ్ళకే ధారపోస్తానంటాడు, వాడొచ్చి చూడకుండా ఇది పరమ రహస్యంగా రాస్తున్నాను అని. వేబర్ వాళ్ళ గురించే ఇదంతా. కొడుకు రాసిన ఉత్తరం కిందే కొడుకు మీద ఫిర్యాదు!

ఏప్రిల్‌లో పారిస్ నుంచి రాసింది చదివితే నవ్వు పోతుంది. రోజంతా గదిలో ఒక్కదాన్నే, జైల్లో ఉన్నట్టు. గది చిన్న పెరటివైపు, చీకటి. ఎండ కనబడదు, బయట వాతావరణం ఎలా ఉందో తెలీదు. కాస్త వెలుతురు పడినచోట కూర్చుని అతి కష్టం మీద అల్లుకుంటున్నాను అని. కొడుకు పాఠాలకీ, పెద్దవాళ్ళ ఇళ్ళకీ తిరుగుతుంటే ఆమె ఇలా ఉండేది. తర్వాత వేరే బసకి మారారు, రూ ద్యు గ్రో షెనే అనే వీధిలో. అక్కడే పోయింది. చివరి రోజుల్లో వైద్యం చేసింది డెబ్బై దాటిన ఒక జర్మన్ డాక్టరు. రేవల్చిని పొడి ద్రాక్షసారాలో కలిపి ఇచ్చాడట. జూలై 4న సెయింట్ యుస్టాష్ చర్చి వాళ్ళు అంత్యక్రియలు చేశారు. ప్రాణం పోయేటప్పుడు దగ్గర ఉన్నది కొడుకు, హైనా అనే కొమ్ము వాద్యకారుడు, ఒక నర్సు.

ఓరుగల్లు_చిన్నోడు:
గిదీ అసలు సంగతి. ఐస్‌క్రీమ్ కాదు నాకు కోపం తెప్పియ్యాల్సింది, గా చీకటి గది.

టకటక_తంతి:
తండ్రికి కూడా అదే కోపం వచ్చి ఉండాలి కదా?

వీణాపాణి:
వచ్చింది. జూలై అంతా ఓదార్పే. ఆగస్టు చివర్లో లియోపోల్డ్ ఉత్తరాలు మారతాయి. నీకు పనులున్నాయి, రోజంతా బయటే ఉన్నావు, ఆమె హడావిడి చేసే మనిషి కాదు కాబట్టి నువ్వు తేలిగ్గా తీసుకున్నావు అన్న ధోరణి. మాన్‌హైమ్ నుంచే ఆమె ఇంటికొచ్చేసి ఉంటే బతికేదని కూడా అంటాడు. కొడుకు ఒంటరిగా పారిస్ వెళ్తే ఏం చేస్తాడోనన్న భయంతోనే ఆమె వెంట వెళ్ళిందని ఇద్దరికీ తెలుసు. దెబ్బ ఎక్కడ తగలాలో తెలిసినవాడు కొట్టిన దెబ్బ అది. వెళ్ళు పారిస్‌కి అని తరిమింది తానేనన్న మాట మాత్రం రాయడు. లియోపోల్డ్ మీద జాలీ వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది నాకు.

ఆ ఇంటి ఉత్తరాల్లో ఇంకో జత చెప్పి ఆపేస్తాను. 1783 జూన్ 18. వోల్ఫ్‌గాంగ్ వియన్నా నుంచి తండ్రికి: అభినందనలు, తాతవయ్యావు! నిన్న పొద్దున ఆరున్నరకి నా భార్యకి కొడుకు పుట్టాడు, పెద్దవాడు, బలమైనవాడు, బంతిలా గుండ్రంగా ఉన్నాడు అని. రైమండ్ లియోపోల్డ్. పిల్లవాణ్ణి వియన్నాలో పెంచేవాళ్ళ దగ్గర ఉంచి, భార్యాభర్తలు తండ్రిని చూడటానికి సాల్జ్‌బర్గ్ వచ్చారు. వాళ్ళు ఇక్కడుండగానే ఆగస్టు 19న అక్కడ పిల్లాడు పోయాడు. డిసెంబర్లో తండ్రికి రాసిన ఒక ఉత్తరంలో, పాపం మా బొద్దు, బూరెబుగ్గల ముద్దు బాబు గురించి మా ఇద్దరికీ చాలా దిగులుగా ఉంది అని ఒకే ఒక వాక్యం. జూన్‌లో వాడిన బొద్దుతనమే మళ్ళీ వచ్చింది చూశారా. ఆరుగురు పిల్లల్లో వాళ్ళకి మిగిలింది ఇద్దరే.

డల్లాస్_లలిత:
ఆ ఒక్క వాక్యం ముందు జూలై 3 నాటి పేజీలు నాకు ఇంకా చిన్నపిల్లాడి రాతలా కనిపిస్తున్నాయి ఇప్పుడు. 27 ఏళ్ళకి ఒక్క వాక్యంలో చెప్పడం వచ్చేసింది.

తండ్రికి నిజం ఎప్పుడు చెప్పాడు మరి? బుల్లింగర్ చెప్పాక ఆ అబద్ధాన్ని ఎలా విప్పుకున్నాడు?

కాగితంపడవ:
జూలై 9న. బుల్లింగర్ చెప్పాడో లేదో ఇంకా తెలీకుండానే రాశాడు. అత్యంత దుఃఖకరమైన వార్తని ధైర్యంగా వినడానికి మీరు సిద్ధమై ఉంటారని ఆశిస్తున్నాను అని మొదలు. ఇంతకుముందు ఉత్తరం రాసేటప్పటికే ఆమె స్వర్గసుఖాలు అనుభవిస్తోంది, ఈ చిన్న మోసానికి నన్ను క్షమించండి అని. దానికి కూడా కొనసాగింపు ఏమిటో తెలుసా? సింఫనీ సంగతే. కచేరీ నడిపే లెగ్రోకి రెండో భాగం నచ్చలేదు, పొడుగైందన్నాడు, శ్రుతి మాటిమాటికీ మార్చావన్నాడు. అందుకని ఇంకో రెండో భాగం రాసిచ్చాను, దేని అందం దానిది, నాకు మాత్రం కొత్తదే ఎక్కువ నచ్చింది అని.

ఓరుగల్లు_చిన్నోడు:
మల్ల షురూ చేసిండు! అబద్ధం ఇప్పిన ఉత్తరంల సుత గా సింఫనీ ముచ్చటనే. అయితె వీణ గారు చెప్పిన "చొక్కా" లెక్క ఈడ పనిచెయ్యది, దాచెటందుకు ఏం లేకపాయె గద. గీ మనిషి రాసుడే గంత అనుకుంట. సరే, గా సింఫనీ పేరేందో చెప్పుండ్రి, ఇంట్ల పెట్టి వింట. రెండో భాగం రెండు రకాలుగ దొరుకుతదా?

వీణాపాణి:
ఒప్పుకున్నాను, నా చొక్కా జూలై 9కి సరిపోదు. పేరు పారిస్ సింఫనీ, 31వ నంబరు, డి మేజర్ శ్రుతి, మొజార్ట్ రచనల జాబితాలో కె. 297. రెండో భాగాలు రెండూ మిగిలాయి. రికార్డింగుల్లో సాధారణంగా ఒకటే వాయిస్తారు, కొన్నింట్లో రెండోదాన్ని చివర విడిగా చేరుస్తారు. అలాంటిది చూసి తీసుకోండి. మూడో భాగం మొదలయ్యేటప్పుడు సౌండ్ మరీ పెంచకండి, పక్కింటివాళ్ళు వస్తారు.

మోడరేటర్:
అబిగైల్ ఆడమ్స్ ఉత్తరాల మీద లలిత గారు కొత్త చర్చ మొదలుపెడితే బాగుంటుందని కొందరు మెసేజ్ చేశారు. 1775 అక్టోబర్లో ఆమె తల్లి విరేచనాల జబ్బుతో పోయినప్పుడు రాసినవి కూడా అక్కడే పెట్టండి. ఇది మొజార్ట్ ఇంటికే ఉంచుదాం.

డల్లాస్_లలిత:
తప్పకుండా. వారాంతంలో మొదలుపెడతాను. తంతి గారూ, మీరు అక్కడికీ రావాలి, కౌంటర్ కబుర్లు ఇంకా వినాలి.